మగ్దలీనమ్మ లెక్క

తెల్లవారి ఆరింటికి మొదలైన లెక్కింపు పదకొండైనా తెమల్లేదు. రొయ్యపిల్లలు పెంచి అమ్మే హేచరీ షెడ్డులో తెల్ల టబ్బు ముందు పీట మీద కూర్చున్న మగ్దలీనమ్మకు నడుము పట్టేసింది. అంతలో గేటు దగ్గర ఇంకో ట్రాలీ ఆటో ఆగింది. ఆమె కళ్ళకు మాత్రం రెండు ఆటోలు, ఒకదాని నెత్తిన ఒకటి. కిందికి చూస్తే మరీ ఘోరం.

ఆ తీరంలో రొయ్యపిల్ల అమ్మే పద్ధతి ఒకటే. నింపి పెట్టిన ప్లాస్టిక్ కవర్లలోంచి రైతు తనకు తోచినదొకటి తీసిస్తాడు. దాన్ని టబ్బులో పోసి, ఆల్చిప్పతో కొన్ని కొన్ని ఎత్తి, చిప్పలో ఎన్నున్నాయో ఒక్క చూపులో చెప్పి పక్క టబ్బులో వదలాలి. వందకో చింతగింజ పక్కన పెట్టాలి. ఆ కవర్లో ఎన్ని తేలితే మిగతా కవర్లన్నిట్లోనూ అన్నే. పిల్లకు ముప్పై అయిదు పైసలు. లెక్కపెట్టే మనిషి అంకె చెప్పాక మళ్ళీ లెక్కించమని ఎవరూ అడగరు. అడిగితే ఆ మనిషి ముఖాన ఉమ్మేసినట్టే. పదహారేళ్ళుగా ఆ అంకె చెప్పే నోరు మగ్దలీనమ్మది. కూలి రోజుకు నాలుగొందల యాభై.

రెండున్నర నెలల కిందట నాచు పట్టిన గచ్చు మీద జారి, ట్యాంకు అంచుకు తల కొట్టుకుంది. హేచరీ నడిపే గిరిబాబు ఒక మాత్రల షీటు చేతిలో పెట్టి, కూలి లేకుండా రెండురోజులు సెలవిచ్చాడు. అప్పట్నుంచీ ఒక్కో మెట్టు రెండయింది, కంచంలో ముద్ద రెండయింది. దిగేటప్పుడు లేని మెట్టు మీద కాలు వేసి పడింది. "అక్కకేం, ఇంట్లో ఇద్దరు మొగుళ్ళు" అని షెడ్డులో ఆడవాళ్ళు నవ్వుకున్నారు. అత్త ఊరుకోక పసుపుకొమ్ము కాల్చి కణతకు వాత పెట్టించింది. అది చీము పట్టింది గానీ చూపు మాత్రం కుదుటపడలేదు.

నెల్లూరులో కంటి డాక్టరమ్మ నిదానంగా చెప్పింది. కంటిని తిప్పే నరానికి దెబ్బ తగిలింది. ఆరునెలల్లో దానంతటదే తగ్గొచ్చు, తగ్గకపోవచ్చు. తగ్గకపోతే కంటి కండకు ఆపరేషను, యాభై వేలదాకా అవుతుంది. ఈలోగా రెండు బొమ్మల్నీ ఒకటిగా కలిపి చూపించే పొర ఒకటి కళ్ళజోడుకు అతికించుకోవచ్చు, ఏడు వేలు. అదీ కుదరకపోతే ఒక కంటికి గంత కట్టుకోవడమే, అరవై రూపాయలు. తల ఒక భుజం మీదికి వంచినా రెండు బొమ్మలూ దగ్గరపడతాయని కూడా చెప్పింది.

మగ్దలీనమ్మ అరవై రూపాయల వైద్యమే ఎంచుకుంది. గంత కట్టుకుని పనిలోకి వచ్చిన రోజున గిరిబాబు దాన్ని తన చేత్తోనే పీకేశాడు.

"ఒంటికంటి మనిషి లెక్క ఎవురు ఒప్పుకుంటారు మగ్దలీనా? వ్యాపారం మూసుకోమంటావా?"

గంత లేకుండా తల వంచి లెక్కపెట్టింది. అలిసి తల ఎత్తినప్పుడల్లా ఆమె చెప్పే అంకె రెట్టింపవడం గిరిబాబు వెనకే నిలబడి చూశాడు. ఆమె తల నిలబెడితే అయిదు పిల్లలు పదవుతాయని అతనికి ఆ పూటే అర్థమైంది. సాయంత్రం ఆఫీసు గదిలోకి పిలిచాడు.

"తల నిలువుగా పెట్టుకోని లెక్కపెట్టు. నీకు కనిపించిందే చెప్పు. అబద్ధం చెప్పమనలేదుగా నేను. సీజను అయినాక ఆపరేషను ఖర్చు నాది. కాదంటే ఆ పీట మీద కూర్చునేదానికి నలుగురు కాచుకోని ఉండారు."

ఇంట్లో ఈ మాట మొగుడు ఏసుమణికి చెప్పింది. "కన్ను బాగయ్యేదాకా ఓర్చుకో. మనకెవురు పెడతారు యాభై వేలు?" అన్నాడతను. నలభై రోజులుగా గిరిబాబు కవర్లలో సగం పిల్లే నింపిస్తున్నాడు, ఆమె తల నిలువుగా పెట్టుకునే లెక్కపెడుతోంది. అన్నం సయించడం లేదు.

ఆటో దిగి వచ్చింది మస్తానయ్య. మూడెకరాల రొయ్యల గుంట కౌలుకు చేసే రైతు. మనిషి సగమయ్యాడు.

"మళ్ళా వచ్చినావే మస్తానన్నా? నీ గుంటకు అయిదువారాల నాడే గదా పిల్ల పోసింది" అంది మగ్దలీనమ్మ.

"అంతా పోయిందమ్మే. నువ్వు చెప్పిన లెక్క ప్రకారమే మేత వేసినా, ఒక్క గుప్పెడు తక్కువ వెయ్యలే. తినకుండా అడుగున మిగిలిపోయి కుళ్ళింది. నీళ్ళు నల్లబడి, ఉన్న పిల్లంతా తేలిపోయింది. నాకే మేత వెయ్యను చేతగాలేదని మా ఆడమనిషి ఏడ్చి చస్తా ఉండాది."

మగ్దలీనమ్మ చేతిలో చిప్ప ఆగిపోయింది. సగం పిల్లకు రెట్టింపు మేత. గుంటను చంపింది నీళ్ళు కాదు, తను చెప్పిన అంకె.

మస్తానయ్య ఒక కవరు ఎంచి ఇచ్చాడు. ఆమె దాన్ని టబ్బులో పోసి చిప్ప ముంచింది. తల తనకు తెలియకుండానే భుజం మీదికి వాలింది. వెనకనుంచి గిరిబాబు రెండువేళ్ళతో ఆమె గడ్డం పట్టుకుని తలను నిలువుగా సర్దాడు.

"మెడ నొప్పా మగ్దలీనా? సరిగ్గా కూర్చో" అన్నాడు నవ్వుతూ.

చిప్పలో అయిదు పదయ్యాయి. మస్తానయ్య ఆమె నోటికేసి చూస్తున్నాడు. మగ్దలీనమ్మ తడిచేత్తో ఎడమకన్ను మూసుకుంది. ఉప్పునీళ్ళు కంట్లో పడి భగ్గుమన్నాయి. చెయ్యి మాత్రం తియ్యలేదు.

"లాభం" అని, కొలిచేవాళ్ళ ఆనవాయితీగా ఒకటికి బదులు పలికి మొదలుపెట్టింది. ఒంటిచేత్తో ఎత్తుతూ, వదులుతూ, గంటసేపు లెక్కపెట్టింది. గిరిబాబు రెండుసార్లు దగ్గాడు. ఒకసారి పీటను కాలితో తన్నాడు. ఆమె అంకె తప్పలేదు.

"వెయ్యిన్ని నూటపది" అంది.

కవరు మీద రెండువేల రెండొందలని రాసి ఉంది.

"ఆమెకు చూపు పోయింది మస్తానయ్యా" అన్నాడు గిరిబాబు తాపీగా. "నెల్లూరు డాక్టరు కాయితాలు కూడా ఉండాయి. పాపం గదా అని పెట్టుకున్నా. వేరే మనిషిని పిలిపిస్తా, మళ్ళా లెక్కిద్దాం."

పదహారేళ్ళలో ఆ షెడ్డులో ఎవరూ అనని మాట అది. చేతిలో పని ఆపి ఆడవాళ్ళంతా ఇటు తిరిగారు.

"ఆయన చెప్పేది నిజమే అన్నా" అంది మగ్దలీనమ్మ. "నాకు ఒకటి రెండుగా కనిపిస్తాది. ఈ కన్ను మూసుకుంటేనే ఉండేది ఉండేట్టు కనిపిస్తాది."

మస్తానయ్య టబ్బుకేసి చూశాడు. ఆమె చేతికేసి చూశాడు.

"మరి అయిదువారాల నాడు నా పిల్ల లెక్కపెట్టినప్పుడు, ఆ కన్ను మూసుకున్నావా అమ్మే?"

గిరిబాబు ఒక అడుగు ముందుకు వేశాడు. మగ్దలీనమ్మ పీట మీదనుంచి లేచి నిలబడింది.

"లేదన్నా" అంది. "తెలిసే తెరిచిపెట్టినా."