బురద భూతం, నల్ల ముసుగు, మా వదిన

పాత కామిక్ పుస్తకాల పిచ్చి ఉన్న పెద్దమనిషి ఒకాయన మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. చేతులకు తెల్లటి గ్లవ్స్, చంకలో ఒక పెట్టె, పెట్టెలో ప్లాస్టిక్ కవరు, కవరులో ఒక పుస్తకం. పసిపిల్లను పొత్తిళ్లలోంచి తీసినట్టు తీసి మా ఆయన ముందు పెట్టాడు.

"సార్, మీరు గీసిందే. 'బురద భూతం' చివరి సంచిక. ఇప్పుడు ఇదెక్కడా దొరకట్లేదు సార్. ఎందుకు దొరకట్లేదో ఎవరికీ తెలీదు. దీని మీద మీ సంతకం కావాలి."

ఎందుకు దొరకదో నాకు తెలుసు. అది బజారులోకి వచ్చిన వారంలోనే మా ఆయన దుకాణాలన్నీ తిరిగి, కనిపించిన కాపీనల్లా కొనుక్కొచ్చి నీళ్లు కాచే పొయ్యిలో పెట్టారు. కొత్త పెళ్లికూతుర్ని, ఆ నీళ్లతోనే స్నానం చేశాను.

కథ చిన్నదే. చిత్తడి నేలలో ఒక భూతం ఉంటుంది. పోలీసుల వల్ల కాని పనులు చక్కబెట్టే నల్ల ముసుగు అనేవాడు ఒకడుంటాడు. భూతం ఒక పిల్లను ఎత్తుకుపోతే వీడు విడిపించడానికి పోతాడు. ఆ పిల్ల మొదటి పేజీ నుంచి చివరిదాకా నోరు తెరిచి అరవడం తప్ప మరో పని చేయదు. ఆ పిల్ల నేనే. ముసుగు మా ఆయన. భూతం మా వదిన, అంటే మా ఆయన అక్క.

మా ఆయనకు ఊహించి గీయడం చేతకాదు, ఎవరో ఒకరు ఎదురుగా ఉండాలి. ఇంట్లో ఎవరు దొరికితే వాళ్లను నిలబెట్టి గీసేవారు, నిలబడకపోతే దొంగచాటుగా గీసేవారు. మా పెళ్లికి వదిన ససేమిరా అంటున్న రోజుల్లో గీసిన సంచిక అది. కడుపుమంటంతా అందులో కక్కేశారు. వదిన దర్జీ. మెడలో టేపు వేలాడుతూ ఉంటుంది, పెదాల మధ్య ఎప్పుడూ గుండుసూదులు ఉంటాయి. భూతం మెడలో నాచుతీగ వేలాడుతుంది, పెదాల మధ్య చేపముళ్లు ఉంటాయి. ఎడమ కనుబొమ్మ ఎత్తి చూసే ఆ చూపు సరేసరి.

తీరా అది అచ్చయ్యేలోపు వదిన మెత్తబడింది. నా పెళ్లి బట్టలు తనే కుట్టింది. పుస్తకం ఆవిడ కంటపడితే ఇంతే సంగతులని మా ఆయన భయం, అందుకే పొయ్యి వెలిగింది. వదిన సంగతి మామూలు సంగతి కాదు. ఫొటోలో లావుగా పడ్డావని అన్నందుకు సొంత చెల్లెలితో మాటలు మానేసింది, ఇప్పటికీ లేవు. తల్లి పోయాక మా ఆయనను పెంచింది ఈవిడే. ఈవిడ కూడా మాట్లాడటం మానేస్తే ఆయన తట్టుకోలేరు. నేనెంత ఎగతాళి చేసినా అది మాత్రం నిజం.

సరిగ్గా అప్పుడే వీధి తలుపు తోసుకుని వదిన వచ్చింది. తలుపు తట్టడం ఆవిడకు అలవాటు లేదు.

మా ఆయన చటుక్కున పుస్తకం మీద కూర్చున్నారు.

గ్లవ్సాయన కెవ్వుమన్నాడు. "సార్! లేవండి సార్! మూలలు మడతపడిపోతాయి!"

"ఏం మూలలు?" అంది వదిన. "ఏం దాచావురా? లే."

"నడుం పట్టేసిందక్కా."

"లెక్కల పరీక్ష తప్పినప్పుడు కూడా మార్కుల కాగితం మీద ఇలాగే కూర్చున్నావు. లేస్తావా లేదా?"

అరవై దాటిన మా ఆయన లేచి చేతులు కట్టుకుని నిలబడ్డారు.

వదిన కళ్లజోడు పెట్టుకుని పేజీలు తిప్పడం మొదలుపెట్టింది. గ్లవ్సాయన పక్కనే వంగి "మెల్లగా అమ్మా, మెల్లగా" అని జపం చేస్తున్నాడు.  నేను వంటింట్లోకి జారుకోబోయాను.

"ఈ అరిచే పిల్ల నువ్వేనా?" అని నన్నడిగింది.

"అవును వదినా."

"నోరు బాగా కుదిరింది."

మరో పేజీ తిప్పింది. పేజీ నిండా భూతం మొహం.  వదిన చెయ్యి దానంతటదే మెడలోని టేపు మీదికి పోయింది.

"ఇది నేనే కదరా?"

"కోపంలో గీశానక్కా," అన్నారు మా ఆయన. "తప్పయిపోయింది. ఏమన్నా అను, కొట్టు. మాట్లాడటం మాత్రం మానెయ్యకు."

వదిన చివరి పేజీకి వెళ్లింది. అందులో ముసుగువాడు గొంతుదాకా బురదలో కూరుకుపోతుంటే, భూతం వాణ్ని కాలరు పట్టుకుని లాగి ఒడ్డున పడేసి తన దారిన పోతుంది.

"మరి ఇదేంటి? మింగెయ్యకుండా బయటికి లాగుతోందేం?"

గ్లవ్సాయన ఉండబట్టలేకపోయాడు. "అదేనమ్మా ఎవరికీ అంతుబట్టనిది! చివర్లో ముసుగు భూతాన్ని నరికెయ్యాలి. కథ రాసినాయన అలాగే రాశారట. సారే మార్చేశారు. చదివిన కొద్దిమందీ తిట్టిపోశారట, పుస్తకం అక్కడితో ఆగిపోయింది!"

"ఎందుకు మార్చావురా?"

"నరికేదే గీద్దామని కూర్చున్నానక్కా. కానీ ఎదురుగా కాగితం మీద ఉన్నది నువ్వు. చెయ్యి రాలేదు. నేనెక్కడ పడ్డా నువ్వు అలాగే కాలరు పట్టుకుని లాక్కొచ్చేదానివి. అదే వచ్చింది చేతికి."

వదిన ముక్కు ఎగబీల్చింది. నాకూ కళ్లలో నీళ్లు తిరిగాయి. గ్లవ్సాయన మాత్రం పేజీ మీద కన్నీళ్లు పడకుండా రెండు చేతులూ అడ్డం పెట్టాడు. వదిన ఆ చేతులు పక్కకు నెట్టి మళ్లీ బొమ్మలోకి తొంగిచూసింది. ఎడమ కనుబొమ్మ పైకి లేచింది.

"అది సరే. బురదలోంచి తీసి, తల తుడవకుండా ఎటో పోతోందేంటి ఇది? తడి తలతో వదిలేస్తానట్రా నేను?"

"వదిలెయ్యవక్కా."

"మరి?"

మా ఆయన బల్ల మీద పెన్ను అందుకున్నారు. "సార్, సంతకం ఒక్కటే సార్, సంతకం ఒక్కటే" అని గ్లవ్సాయన గోలపెడుతుండగానే భూతం చేతిలో ఒక తువ్వాలు గీశారు.

వదిన వంగి చూసింది. "ఇంకాస్త పెద్దది గియ్యి," అంది. "నీ తలకి అది చాలదు."