కాల్డ్ ఆఫ్

తెనాలిలో ఉషశ్రీ చెప్పే స్పోకెన్ ఇంగ్లీషు క్లాసుకు హెప్సిబా రేపల్లె నుంచి రైల్లో వచ్చేది. బట్టల షోరూములో ఉద్యోగానికి పనికొస్తుందని చేరింది. చేరిన కొన్నాళ్లకే, సరుకుల ఓడలో వంటవాడిగా పనిచేసే ఆమె భర్త ప్రభుదాస్ నడిసముద్రంలో కనిపించకుండా పోయాడు. ఓడలో లేడనీ, నీళ్లలో వెతుకుతున్నామనీ కంపెనీవాళ్లు ఫోన్ చేశారు. అయినా ఆమె క్లాసు మానలేదు.

"వాళ్లు ఇంగ్లీషులోనే మాట్లాడుతున్నారండి. ఫోనొచ్చినప్పుడు పక్కన మీరుంటే నాకు ధైర్యం," అంది.

ఆ రోజు పాఠం జంట మాటల క్రియలు.

"లుక్ అంటే చూడటం. లుక్ ఆఫ్టర్ అంటే వెనకాల చూడటం కాదు, కనిపెట్టుకుని ఉండటం," అంది ఉషశ్రీ. "రెండు మాటలు కలిస్తే అర్థమే మారిపోతుంది. విడదీసి చూస్తే దెబ్బతింటాం. ఏదీ, ఒక వాక్యం చెప్పు హెప్సిబా."

"మై మదరిన్లా లుక్స్ ఆఫ్టర్ మై డాటర్." కబురు తెలిసిన రోజే పాపను బాపట్లలో అత్తగారి దగ్గర దింపి వచ్చింది హెప్సిబా.

అంతలో ఆమె ఫోను మోగింది. స్పీకర్ పెట్టింది. అవతలి మనిషి సారీ అన్నాడు, గాలివాన గురించి ఏదో చెప్పాడు, చివరికి "వియ్ హావ్ కాల్డ్ ఆఫ్ ద సెర్చ్" అన్నాడు.

హెప్సిబా మొహం విప్పారింది.

"సెర్చ్ అంటే వెతకడం, కాల్ అంటే పిలవడం. వెతకడానికి ఇంకా మనుషుల్ని పిలిచారు. అంతేగా మేడమ్?"

ఉషశ్రీ ఆ మొహం చూస్తూ, "ఆఁ... అవునమ్మా," అనేసింది.

అన్నదే గానీ, ఆ రాత్రి కంటిమీద కునుకు పడలేదు. తెల్లారగానే రేపల్లె బండెక్కింది. హెప్సిబా ఇంటిముందు కుర్చీలు వేసి ఉన్నాయి. చర్చివాళ్లు కృతజ్ఞతగా పాట పాడుతున్నారు. ఉషశ్రీ ఆమెను వంటింట్లోకి తీసుకెళ్లింది.

"వెతకడం ఆపేశారమ్మా. నిన్న అతను కాల్డ్ ఆఫ్ అన్నది అదే."

హెప్సిబా చేతిలోని టీ గ్లాసుల పళ్లేన్ని గట్టుమీద పెట్టింది.

"మరి నిన్న అవునన్నారేంటండి?"

బయట పాట సాగుతూనే ఉంది.

"మా అత్తమ్మకి రాత్రే ఫోన్ చేసి చెప్పేశాను. అది విన్నాకే ఆవిడ ఇంత అన్నం తిందంట," అంది హెప్సిబా. "నావల్ల కాదండి. అవునన్నది మీరు, మీరే వచ్చి చెప్పండి."

ఇద్దరూ బాపట్ల బస్సెక్కారు. వాళ్లు వెళ్లేసరికి అత్తగారు కొండమ్మ మనవరాలికి ముద్దలు కలిపి పెడుతోంది. కోడల్ని చూడగానే ఆవిడ చెయ్యి ఆగిపోయింది.

"దొరికాడా?"

"లేదమ్మా. వెతకడం ఆపేశారు," అంది ఉషశ్రీ. దాన్ని మెత్తగా చెప్పే మాట ఆమెకు తెలుగులోనూ దొరకలేదు.

"మడిసి దొరక్కుండా ఎట్టా ఆపుతారు? ఎవరు ఆపమన్నారు?" అంది కొండమ్మ. అదే మాట కోడల్ని అడిగింది. హెప్సిబా ఏడుపు విని వచ్చిన పక్కింటామెనూ అడిగింది.

ఉషశ్రీ సాయంత్రందాకా ఆ వసారాలో నిలబడే ఉంది. ఆమెను ఎవరూ కూర్చోమనలేదు, వెళ్లమనీ అనలేదు.