నీళ్లు చూసేకి పోయినోడు

ఎర్రిస్వామి నీళ్లు చూడడానికి పోతున్నాడని చెప్పినా వెంకటమ్మనహళ్లిలో ఎవరూ నమ్మేవాళ్లు కాదు. ఆ ఏడూ వాన మొగం చాటేసింది. వేరుశనగ పూత మీద ఉండగానే వాడిపోయింది. కాయ కట్టే ఊడలు దిగాల్సిన నేల పెంకులా గట్టిపడింది. చేలల్లో పని లేక వయసులో ఉన్నవాళ్లంతా మూటలు కట్టుకుని బెంగళూరు కూలికి పోతున్నారు. నలభై దాటిన ఎర్రిస్వామి సైకిలుకు గాలి కొట్టి, క్యారియర్ మీద దుప్పటి, గోనెసంచి కట్టుకుంటుంటే, పాపం ఇతనూ కూలికే బయల్దేరాడనుకున్నారు.

నిజం భార్య ఓబక్కకు ఒక్కదానికే తెలుసు. బళ్లారి వైపు మిరప కోతకు పోయి వచ్చిన పక్కింటి చిన్నన్న, అక్కడొక కాలువ ఉందనీ, ఆకాశంలో మబ్బు తునక లేకపోయినా అది నిండుగా పారుతుంటుందనీ ఒకనాడు చెప్పాడు. విన్నవాళ్లు నవ్వి ఎవరి దారిన వాళ్లు పోయారు. ఎర్రిస్వామికి మాత్రం ఆ మాట మనసులోంచి పోలేదు. అతనెరిగిన నీళ్లంటే బావిలోకి తొంగిచూస్తే అడుగున మెరిసేవి. లేదంటే ఎప్పుడో ఒక వానకు వంకలో ఎర్రగా పారి, పొద్దుగూకేసరికి ఇంకిపోయేవి. వాన లేకుండా నిండుగా పారే నీళ్లెలా ఉంటాయో ఎంత ఊహించినా అతని కంటికి ఆనేది కాదు.

“చూసొస్తే మన చేనికి వస్తాయా?” అని అడిగింది ఓబక్క.

“రావు.”

“మల్ల?”

“ఏమో. చూడాలనుండాది.”

ఆమె లోపలికి పోయింది. వేయించిన శెనక్కాయలు, బెల్లం గుడ్డలో కట్టి తెచ్చి చేతికిచ్చింది.

పావగడ కొండ వెనకబడింది. కళ్యాణదుర్గం దారంతా తుమ్మముళ్లే. చక్రాలు మాటిమాటికీ పంక్చరయ్యేవి. ఎక్కడ నీడ దొరికితే అక్కడ కూర్చుని అతుకు వేసుకునేవాడు. పొద్దుగూకితే ఏ ఊరి చావిట్లోనో పడుకునేవాడు. ఎవరైనా ఎక్కడికని అడిగితే బళ్లారికని చెప్పేవాడు. ఎందుకని అడిగితే మాత్రం సైకిలెక్కేవాడు.

రాయదుర్గం చేరి తలెత్తితే కొండ మీద కోటగోడలు కనిపించాయి. సైకిలు టీ అంగడి దగ్గర పెట్టి పైకెక్కాడు. మనిషెత్తు రాళ్లు, మధ్యన సున్నం కూడా లేకుండా, ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడి ఉన్నాయి. అంత ఎత్తున, బండల నడుమ నీళ్లు నిలిచే ఒక దొన. ఒకప్పటి సిపాయిలు తాగిన వాననీళ్లు. పచ్చగా పాచిపట్టినా అందులో ఇంకా నీళ్లున్నాయి. కింద ఊళ్లో ఆడవాళ్లు బిందెలు పట్టుకుని బోరింగు చుట్టూ నిలబడి ఉంటే, ఎప్పుడో చనిపోయిన మనుషులు దాచిన నీళ్లు కొండ మీద అలాగే ఉన్నాయి. ఎర్రిస్వామి ఆ బండ మీద చాలాసేపు కూర్చుండిపోయాడు.

కణేకల్లు దగ్గర కాలువ కనబడింది.

ముందు చల్లగాలి తగిలింది. తర్వాత గట్టు వచ్చింది. సైకిలు నెట్టుకుంటూ గట్టెక్కి నిలబడ్డవాడు అలాగే నిలబడిపోయాడు. రెండు ఎద్దుల బండ్లు పక్కపక్కన పెట్టినా ఇంకా చోటు మిగిలేంత వెడల్పున, అంచుదాకా నిండుగా, నీళ్లు పోతున్నాయి. అన్ని నీళ్లు అంత వేగంగా పోతూ ఏ చప్పుడూ చేయకపోవడమే అతనికి ఒళ్లు గగుర్పొడిచేలా చేసింది. అవి ఎవరి కోసమూ ఆగడం లేదు, ఎవరినీ చూడడం లేదు. తనూ తన ఊరూ ఎండిన చేలూ ఉన్న సంగతే వాటికి తెలియదు.

గట్టు మీద జీపు పోయేంత బాట ఉంది. దాని వెంబడి ఎగువకు తొక్కసాగాడు. అంతలో ఎదురుగా ఒక అరటిబొంద నీళ్లలో కొట్టుకొచ్చింది. దాన్ని చూసి ఏం పుట్టిందో, సైకిలు తిప్పి దాని పక్కనే దిగువకు తొక్కాడు. అది ఎంత వేగంగా పోతుందో చూద్దామని మొదలుపెట్టి, వచ్చిన దారంతా మళ్లీ వెనక్కు పోయాడు. అరటిబొంద అలసిపోలేదు, ఇతను అలసిపోయాడు.

“ఏయ్, యాడికప్పా?” అని ఒక కేక వినపడింది.

కాలువ కాపలా చూసే లస్కరు, పేరు బొమ్మన్న. గట్టు మీద అటూ ఇటూ తిరిగే మనిషిని చూసి, రాత్రికి పైపులేసి నీళ్లు దొంగిలించడానికి చోటు వెతుకుతున్నాడనుకున్నాడు. గోనెసంచి విప్పించి చూశాడు. దుప్పటీ, సైకిలు గాలి పంపూ, శెనక్కాయల మూటా తప్ప ఏమీ లేవు.

“నిజం చెప్పు. ఎవరు పంపినారు నిన్ను?”

“ఎవరూ పంపలా. నీళ్లు చూసేకి వచ్చినా.”

“నీళ్లలో ఏముండాది చూసేకి?”

ఎర్రిస్వామి తనది పావగడ పక్క పల్లె అన్నాడు. పావగడ కరువంటే ఏంటో బొమ్మన్నకు తెలుసు. విప్పించిన గోనెసంచి తనే మళ్లీ కట్టిచ్చాడు. తర్వాత బొమ్మన్న రమ్మని తల ఊపి ముందు నడిచాడు.

పిల్లకాలువ మొదట్లో ఇనుప తూము ఉంది, దానిపైన చక్రం. ఆ పూట కింది మడులకు నీళ్లు వదలాలట. బొమ్మన్న చక్రం మీద చెయ్యేసి, తిప్పబోయి, పక్కకు జరిగాడు.

“నువ్వు తిప్పు.”

ఎర్రిస్వామి చేతులు పంచెకు తుడుచుకుని చక్రం పట్టుకున్నాడు. మొదట కదలలేదు. బలమంతా పెడితే కిర్రుమంది. కాళ్ల కింద నేల సన్నగా అదిరింది. తూము కింద నుంచి నీళ్లు తెల్లగా ఎగదన్నుకుని వచ్చి, పిల్లకాలువలో పడి, నురగలు కక్కుతూ మలుపు తిరిగి వరిమళ్ల వైపు పరిగెత్తాయి. దూరంగా మడి దగ్గరున్న మనిషొకడు పార భుజానేసుకుని లేచాడు. తన చేతులతో అంత పని జరిగిందని ఎర్రిస్వామి నమ్మలేకపోయాడు. చక్రం వదలకుండా అలాగే పట్టుకుని ఉంటే, బొమ్మన్నే మెల్లగా అతని చేతులు విడిపించాడు. ఆ రాత్రి లస్కరు గుడిసెలోనే అన్నం పెట్టి పడుకోమన్నాడు.

బళ్లారి కోటకొండ దాటి హంపి చేరేసరికి అతని కాళ్లు కొయ్యబారాయి. అక్కడ పడిపోయిన మంటపాలు, మొండి గోడలు, తలలేని విగ్రహాలు కనుచూపుమేరా పరచుకుని ఉన్నాయి. వాటి మధ్య సైకిలు నడిపించుకుంటూ పోతుంటే, ఎవరి ఇంట్లోకో అడగకుండా వచ్చినట్టు అనిపించింది. అంత శిథిలం నడుమ రాతికట్టు కాలువ ఒకటి గలగలమని అరటితోటల్లోకి పారుతోంది. అందులో కాళ్లు కడుక్కుంటున్న పెద్దామె ఇతన్ని తేరిపార చూసి, సైకిలు దుమ్ము చూసి, యా ఊరని అడిగింది. పావగడ మాట వినగానే ఆమె మొగం విప్పారింది. ఆమె పేరు హనుమక్క. అటువైపు బలసముద్రంలో పుట్టి, చిన్నప్పుడొక కరువులో అమ్మానాయనలతో ఈ తోటల్లో కూలికి వచ్చి, ఇక్కడే నిలిచిపోయిందట. ఎర్రిస్వామి మూట విప్పి దోసెడు శెనక్కాయలు ఆమె కొంగులో పోశాడు. ఆమె ఒకటి నోట్లో వేసుకుని కళ్లు మూసుకుంది.

“ఈడ నీళ్లకి కొదవ లేదు నాయనా. కాయకి మాత్రం మన ఎర్రనేల రుచి రాదు” అంది.

ఈ కాలువ రాయల నాటిదనీ, అప్పటినుంచీ పారుతూనే ఉందనీ ఆమె చెప్పింది. ఎర్రిస్వామి చుట్టూ ఉన్న శిథిలాలను చూసి, ఇంత పడగొట్టినవాళ్లు దీన్నెందుకు వదిలిపెట్టారని అడిగాడు.

“వాళ్లకీ దప్పికైంటుంది” అంది హనుమక్క.

ఆ మధ్యాహ్నం అతను చొక్కా విప్పి ఆ కాలువలో వెల్లకిలా పడుకున్నాడు. నీళ్లు చెవుల్లో గుసగుసలాడుతూ అతని మీదుగా సాగిపోయాయి. కళ్ల ముందు అరటాకులు, వాటి వెనక ఒరిగిన గోపురం, ఆకాశం. లేవాలని గుర్తొచ్చేసరికి వేళ్లు ముడతలు పడ్డాయి.

మర్నాడు, కణేకల్లు కాలువకు నీళ్లొచ్చే హోసపేట డ్యాము చూశాడు. కాపలావాడు, ఈ ఏడు సగం కూడా నిండలేదని నిట్టూర్చాడు. ఎర్రిస్వామి ఎదర చూశాడు. నీళ్లు పోయి పోయి ఆకాశంలో కలిశాయి. అవతలి గట్టు ఎక్కడని అడిగితే కాపలావాడు నవ్వాడు. ఎర్రిస్వామి చెప్పులు విడిచి, గుడి ముందు నిలబడ్డట్టు నిలబడ్డాడు. చేతులు జోడించాలో వద్దో తెలియలేదు. చివరికి జోడించాడు.

ఊరికి తిరిగొచ్చాక నల్లబడి చిక్కిపోయిన అతన్ని చూసి, కూలి ఎంత గిట్టిందని అందరూ అడిగారు. చూసింది చెప్పాడు. కొందరు నవ్వారు, కొందరు మళ్లీ చెప్పించుకున్నారు. ముసలి పెద్దతిమ్మప్ప మామ మాత్రం రోజూ కర్ర పొడుచుకుంటూ వచ్చి, ఆ తూము సంగతి మొదటినుంచి చెప్పమనేవాడు. ఓబక్క పొయ్యి దగ్గర నుంచే వినేది.

మరుసటేడు విత్తనాలు వేసిన తర్వాత ఒక పొద్దున ఆమె ఉతికిన చీర కట్టుకుని సైకిలు పక్కన నిలబడింది.

“నన్నూ తీసకపో.”

బస్సుంది గదా అన్నాడు. బస్సు కాలువ పక్కన పోదు గదా అంది ఆమె. క్యారియర్ మీద దుప్పటి మడిచి కూర్చోబెట్టుకుని, ఎత్తుల్లో దిగి నడుస్తూ, పల్లాల్లో తొక్కుతూ, కణేకల్లు దాకా తీసుకుపోయాడు. గట్టెక్కగానే ఓబక్క నీళ్లలోకి దిగే మెట్ల మీద కూర్చుని, పాదాలు నీళ్లలో పెట్టింది. పొద్దు వాలే దాకా అలాగే కూర్చుంది. ఇంక పోదామా అని ఎర్రిస్వామి అడిగితే ఆమె తల తిప్పకుండానే అంది:

“ఇది రాత్రుళ్లు గూడా పారతాదా?”

“పారతాది.”

“మనం నిద్రపోతా ఉన్నప్పుడు గూడా?”

అవునన్నాడు. ఓబక్క పాదాలు తియ్యలేదు. ఎర్రిస్వామి సైకిలుకు స్టాండు వేసి వచ్చి, పక్కమెట్టు మీద కూర్చున్నాడు.