కంప్యూటరక్క రాసిన పదకొండు సూచనలు

రికార్డు గదిలో పనిచేసే ఆవిడని ఆఫీసంతా కంప్యూటరక్క అంటారు. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎవరూ వాడరు. ఇంట్లో ఒంటరి మనిషి. గోడలతో ఎంతసేపని మాట్లాడుతుంది? శనివారం సాయంత్రం మూసిన నోరు సోమవారం పొద్దున ఆఫీసుకొచ్చాకే విప్పేది.

అలాంటి ఒక సోమవారం, కొత్త విండోస్ ఎక్కించడంతో కంప్యూటర్లన్నీ కొత్త ముఖాలు పెట్టుకుని లేచాయి. ఎడమ మూల ఉండాల్సిన స్టార్ట్ బటన్ నడిమధ్యకొచ్చి తిష్ఠ వేసింది. కుడి క్లిక్ చేస్తే వచ్చే జాబితాలో సగం మాయం. ఆఫీసంతా ఒకటే గగ్గోలు.

"అక్కా, నా ఫైళ్ళన్నీ పోయాయి!"

"ఎక్కడికీ పోలేదమ్మా, వస్తున్నా ఉండు."

వారమంతా మూడంతస్తులూ ఎక్కి దిగింది. మోకాళ్ళు మొర్రోమన్నా మనసు గాల్లో తేలింది. వెళ్ళిన ప్రతిచోటా కుర్చీ లాగి వేశారు, టీ ఇచ్చారు, పిల్లల చదువులూ అత్తల ఆగడాలూ చెప్పుకున్నారు.

శుక్రవారం మేనేజరు పిలిచాడు. "ఎన్నిసార్లని తిరుగుతారండీ? సూచనలన్నీ ఒక కాగితం మీద రాసి అందరికీ ఇచ్చేయండి." పాపం, మంచికే అన్నాడు.

రాయడానికి కూర్చుంది. బటన్ మళ్ళీ ఎడమకి ఎలా జరపాలో, మాయమైన జాబితా ఎక్కడ నక్కిందో, రోజూ వాడే ప్రోగ్రాములు కింది పట్టీలో ఎలా నిలుపుకోవాలో, ఇలా పది రాసింది. పదకొండోది ప్రింటర్ సంగతి. అందరూ తికమకపడేది అక్కడే. అదొక్కటీ రాయకపోతే? రోజుకి నలుగురైనా పిలుస్తారు. పెన్నుకి మూత కూడా పెట్టేసింది. కానీ చేసిన పనిలో ఎవరైనా వంక పెడితే ఆవిడకి గిట్టదు. మూత తీసి, అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు రాసేసింది.

సోమవారం ఫోను మోగలేదు. మంగళవారం రిసీవరెత్తి చూసింది, లైను బాగానే ఉంది. బుధవారం ఉండబట్టలేక తనే మూడో అంతస్తుకి వెళ్ళింది. ప్రతి తెర పక్కనా ఆవిడ కాగితమే.

"భలే రాశారక్కా! ఇక మిమ్మల్ని ఇబ్బంది పెట్టక్కర్లేదు" అంది టైపిస్టు, తల తిప్పకుండానే. అక్కకి ఏడుపొచ్చినంత పనైంది.

గురువారం మధ్యాహ్నం సిగ్గు చంపుకుని టైపిస్టుకి తనే ఫోన్ చేసింది.

"అమ్మాయ్, నా ప్రింటర్ కనబడటం లేదు. ఒక్కసారి కిందికి వస్తావా?"

"అయ్యో, అది మీ కాగితంలోనే ఉందిగా అక్కా! చదువుతా, రాసుకోండి."

టైపిస్టు ఒక్కో మాటా విడదీసి నెమ్మదిగా చదివింది. అక్క తను రాసిన మాటలే మళ్ళీ రాసుకుంది. ఆఖరి మాట కూడా అయిపోయాక, "అర్థం కాలేదమ్మా, మొదట్నుంచి ఇంకోసారి చెప్పు" అంది.