నేవా మాట పూర్తయ్యేదాకా

క్రిస్మస్ సెలవుల తర్వాత బడి తెరిచిన పొద్దున, ఐలీ కంగస్ తన గది తలుపుకు అంటించి ఉన్న 'మూడో తరగతి' అనే కాగితాన్ని పీకి చెత్తబుట్టలో పడేసింది.

ఆమె ఆ గదిలో పాఠాలు చెప్పడం మొదలుపెట్టిన నాటినుంచీ ఆరేళ్ల పిల్లలూ తొమ్మిదేళ్ల పిల్లలూ ఒక్కచోటే కూర్చుని చదువుకుంటున్నారు. సర్కారు బడే, కానీ ఎవరినీ బలవంతంగా చేర్చరు. ఇలాంటి చదువే కావాలనుకున్న తల్లిదండ్రులు అమెరికా ఉత్తరపు అంచున సుపీరియర్ సరస్సు పొడవునా ఉన్న పల్లెల నుంచి మంచులో బండ్లు తోలుకుంటూ వచ్చి మరీ పిల్లల్ని దింపిపోతారు. జిల్లా బడులకు కొత్త అధికారిగా వచ్చిన కార్బిన్ స్ట్రాండ్‌కు ఇదంతా గందరగోళంగా కనిపించింది. ఏ వయసు వాళ్లను ఆ వయసు గదిలో పెడితేనే మార్కులు పెరుగుతాయని ఆయన నమ్మకం. సెలవుల్లోనే పిల్లల్ని గదులవారీగా పంచేశాడు.

ఐలీ మాత్రం వచ్చినవాళ్లను వచ్చినట్టే లోపలికి రానిచ్చి, మంచుబూట్లు విప్పించి, ఎప్పట్లాగే చాప మీద కూర్చోబెట్టింది.

కాసేపటికి స్ట్రాండ్ వచ్చాడు. ఎదురుగా కనిపించిన ఒక బుడ్డదాన్ని అడిగాడు.

"ఏమ్మా, నీది ఏ తరగతి?"

"దేంట్లో?"

"దేంట్లో ఏంటి?"

"చదవడంలో అయితే పెద్దోళ్లతో కూర్చుంటా. కూడికల్లో చిన్నోళ్లతో. బొమ్మలెయ్యడంలో ఇక్కడ నాకంటే పెద్ద ఎవరూ లేరు."

పిల్లలు గొల్లుమన్నారు. స్ట్రాండ్ ఐలీని వసారాలోకి పిలిచాడు.

"మేడం, మీరు చేసేది ధిక్కారం. తెలుస్తోందా?"

"తెలుస్తోందండీ. తెలిసే చేస్తున్నా."

"సస్పెండ్ చెయ్యాల్సొస్తుంది."

"చెయ్యండి. అప్పటిదాకా వీళ్లు నా గదిలోనే ఉంటారు."

చేతులు స్వెటర్ జేబుల్లో దోపుకుని లోపలికి వెళ్లింది.

ఆమె పట్టుదలంతా నేవా లాహ్తి కోసం. తొమ్మిదేళ్ల నేవాకు నత్తి. ఇదివరకటి బడిలో తన ఈడు పిల్లలు ఆమె మాటను అనుకరించి నవ్వడంతో ఆ పిల్ల నోరు విప్పడమే మానేసింది. ఇక్కడికొచ్చాక ఆరేళ్ల వాళ్లకు కథలు చదివి వినిపించడం మొదలుపెట్టింది. ఒక్కో మాట దగ్గర ఎంతసేపు ఆగినా వాళ్లు బొటనవేలు చీకుతూ అలాగే చూస్తూ కూర్చుంటారు. ఇప్పుడు వాళ్లను వేరే గదికి పంపేస్తే నేవా మళ్లీ మూగైపోతుందని ఐలీ భయం.

గురువారం సాయంత్రం బడి ఆటశాలలో జిల్లా బడుల బోర్డు సమావేశం పెట్టారు; ఐలీ గది సంగతి తేలేది అక్కడే. మాట్లాడదలచిన వాళ్లకు మనిషికి మూడు నిమిషాలు, అవి కాగానే గంట. తానూ మాట్లాడతానని నేవా పట్టుబట్టింది.

"నేను వద్దన్నాను టీచరుగారూ, వింటేనా!" అన్నాడు రోడ్ల మీద మంచు తోసే బండి నడిపే నేవా తండ్రి ఆర్విడ్. "ఈ మొండితనం మీ దగ్గర నేర్చుకున్నదే."

నేవా మైకు ముందు నిలబడింది.

"మా... మా గదిలో... చి... చి..."

ఆ మాట దాటడానికే చాలాసేపు పట్టింది. ఇంకొంత చెప్పిందో లేదో గంట మోగింది.

"టైమైపోయిందమ్మా, వెళ్లి కూర్చో," అంది అధ్యక్షురాలు మెత్తగా.

నేవా కదల్లేదు. మెడదాకా ఎర్రబడింది కానీ మైకు వదల్లేదు.

ఐలీ లేచింది. "తర్వాతి పేరు నాది. నా మూడు నిమిషాలూ ఆ పిల్లకిస్తున్నా."

"అలా ఇచ్చుకోవడం రూల్లో లేదు," అన్నాడు స్ట్రాండ్.

"ఇవ్వకూడదని మాత్రం ఎక్కడుంది బాబూ? చూపించు!" అని వెనకనుంచి కేకేశాడు ఆర్విడ్.

అధ్యక్షురాలు సరేనంది. నేవా ఇంకా చెబుతుండగానే గంట మళ్లీ మోగింది. ఒక ముసలామె లేచి, "నా మూడు నిమిషాలూ ఆ పిల్లకే," అంది. ఆ తర్వాత ఇంకొకరు. ఆఖరికి, ఈ గొడవతో ఏ సంబంధమూ లేని ఒకాయన లేచాడు.

"నేనొచ్చింది ఐస్ హాకీ మైదానం లైట్ల గురించి. లైట్ల సంగతి వచ్చే నెల చూసుకుందాం. పిల్లని చెప్పనివ్వండయ్యా."

అధ్యక్షురాలు గంటను పక్కకు జరిపింది.

నేవా తీరిగ్గా, ఆగి ఆగి, చివరిదాకా చెప్పింది. "చిన్నపిల్లలు నాకు గంట కొట్టరు. మమ్మల్ని విడగొడితే, నేను రోజూ లేచి వాళ్ల గదికి పోయి కూర్చుంటా. రోజూ మీరొచ్చి నన్ను లాక్కెళ్లాలి. రోజూ."

ఐలీ కళ్లు తుడుచుకుంది.

ఒక్క ఓటు తేడాతో ఈ విద్యాసంవత్సరం ముగిసేదాకా ఆ గదిని ముట్టుకోకూడదని బోర్డు తేల్చింది. అధికారి మాట వినని ఐలీకి మాత్రం జీతంలో కోత పడింది. ఆమె ఆ కాగితం మీద సంతకం పెట్టేసింది.

బయట మంచు కురుస్తోంది. బండ్ల దగ్గర స్ట్రాండ్ ఎదురయ్యాడు.

"జూన్‌లో మళ్లీ ఓటుంటుంది మేడం. అప్పుడు ఇలా జరగదు."

"రండి సార్, మేమూ వస్తాం," అంది ఐలీ. "ఈసారి కుర్చీలు మాత్రం ఎక్కువ వేయించండి. ఇవాళ సగంమంది నిలబడే ఉన్నారు."