మందస కొండ మీద రెండు రేడియోలు

పలాస టెలిఫోను ఎక్స్ఛేంజి ఆటోమేటిక్ అయ్యాక ప్రమోదినికి కాలు నిలవలేదు. ఉద్యోగం పోలేదు. పదహారేళ్లు చెవికి హెడ్‌సెట్టు తగిలించుకుని ఉద్దానం ఊళ్లన్నిటికీ లైన్లు కలిపిన మనిషిని కౌంటరు వెనక కూర్చోబెట్టి, దరఖాస్తుల మీద ముద్ర వెయ్యమన్నారు. ఇంట్లో అన్నం తింటూ తింటూ లేచి కిటికీ దగ్గరికి పోయేది. అది చూసి, టెక్కలి కాలేజీలో ఫిజిక్సు చెప్పే ఆమె తమ్ముడి స్నేహితుడు జగదీష్ పట్టుబట్టి హామ్ రేడియో పరీక్ష రాయించాడు. హామ్‌లనే ఈ ఔత్సాహికులు సరదాకీ, ఆపద వచ్చినప్పుడూ గాలిలో మాట్లాడుకోవచ్చు. వ్యాపారం మాత్రం మాట్లాడకూడదు. లైసెన్సు మీద మొదటి షరతు అదే.

చేతి రేడియోతో పలాస నుంచి టెక్కలికే మాట సరిగ్గా అందేది కాదు. బారువ సముద్రం ఒడ్డు సంగతి చెప్పక్కర్లేదు. తొంభైతొమ్మిది తుపానుకు తీగలన్నీ తెగిపోయి, మూగబోయిన బోర్డు ముందు తను మూడు రోజులు కూర్చోవడం ఆమె మరిచిపోలేదు. ఎత్తు మీద రిపీటరనే పెట్టె ఒకటి ఉంటే, అది చెవితో విన్న మాటను అప్పటికప్పుడే నోటితో బిగ్గరగా చుట్టూ ఊళ్లకు చెబుతుంది.

రెండువేల మూడులో ఒక లారీ ట్రాన్స్‌పోర్టు వాళ్లు సెల్‌ఫోన్లలోకి మారి, లారీల్లోని పాత రేడియో సెట్లు వదిలించుకున్నారు. ప్రమోదిని రెండు తెచ్చుకుంది. ఒకటి వినడానికి, ఒకటి చెప్పడానికి. వాటిలో ఫ్రీక్వెన్సీని నిలిపే క్రిస్టళ్లు మార్చి, కాయిళ్లను ప్లాస్టిక్ పుల్లతో వెంట్రుకవాసి తిప్పుతూ హామ్‌లకు కేటాయించిన బ్యాండులోకి దించింది. పని మొదలయ్యాక అసలు తిప్పలు తెలిశాయి. చెప్పే సెట్టు నోరు తెరవగానే పక్కనున్న వినే సెట్టు చెవిటిదైపోయేది. యాంటెన్నాలను ఎంత దూరం జరిపినా అంతే. చివరికి ఇత్తడి పనికి పేరున్న బూడితి వెళ్లి, కంచరి చేత ఆరు పొడవాటి ఇత్తడి డబ్బాలు చేయించింది. వీటిలో ఏం వండుతారని అడిగాడతను. ఒక సెట్టు మోత మరో సెట్టు చెవిన పడకుండా వడగట్టే డబ్బాలని చెబితే నమ్మలేదు.

మందస వెనక జీడితోటల్లో, కొండ మీద జీడిపిక్కల వ్యాపారి మన్మథరావు గారి నీళ్ల ట్యాంకు ఉంది. పంపు కోసం కరెంటూ ఉంది. వరసకు బాబాయి. అడగ్గానే పెట్టుకోమన్నాడు. రిపీటరు నడపడానికి ఆ కొండ పేరుతోనే సర్కారు అనుమతి రావడానికి ఏడాది పట్టింది. రిపీటరును కొండ మీద బిగించాక వచ్చిన ఆదివారం ఆమె బారువ ఒడ్డున నిలబడి పిలిస్తే, టెక్కలి నుంచి జగదీష్ పక్కింట్లోంచి పలికినట్టు పలికాడు. ప్రమోదిని ఇసకలో అటూ ఇటూ నడుస్తూ గంటసేపు మాట్లాడింది.

మూడు వారాలు తిరక్కుండా ఆ రేడియోలోనే మరో గొంతు వినిపించింది. లోడు సుమ్మాదేవి రైలుగేటు దాటిందని ఎవరో చెబుతున్నారు. పోల్చుకుంది. మన్మథరావు గారి డ్రైవరు ధనుంజయ్. ఆ ట్రాన్స్‌పోర్టు వాళ్ల దగ్గర మిగిలిన సెట్లు బాబాయి కొని, శ్రీకాకుళం మెకానిక్ చేత ఆమె ఫ్రీక్వెన్సీకే మార్పించాడు. జీడిపిక్కల కాలం, వాళ్ల మాటలు రోజంతా ఆగలేదు. చూసీచూడనట్టు పొమ్మన్నాడు జగదీష్. గొడవైతే ఇన్నాళ్ల కష్టం పోతుందనీ, విని పట్టుకునేవాళ్లెవరనీ అన్నాడు. నాలుగు రోజులు ఆమెకు ముద్ర కూడా తిన్నగా పడలేదు. అయిదోరోజు కొండెక్కి, హామ్‌ల సెట్లు మాత్రమే పంపే ఒక సన్నటి కూత కలిసిన గొంతుకే రిపీటరు తెరుచుకునేలా మార్చింది. డ్రైవర్ల సెట్లు మూగబోయాయి.

మన్మథరావు కబురు పంపాడు. అరుగు మీద కూర్చోబెట్టి, టీ ఇప్పించి, నెమ్మదిగానే అడిగాడు.

"ఏటమ్మా, మా వోళ్ల నోరు నొక్కేసినావట?"

"మీరు కొండిచ్చినారు బాబాయ్, కాదన్ను. కానీ ఇది వ్యాపారానికి వాడకూడదు. వాడితే నా లైసెన్సు పోద్ది."

"ఎవులొచ్చి సూత్తారమ్మా ఈ కొండమీదికి?"

"ఎవులూ రారు. నాను రోజూ ఇంటన్నాను కదా."

ఆయన టీ గ్లాసు పక్కన పెట్టాడు. మళ్లీ తెరిచెయ్యి, లేకపోతే పట్టుకుపో అన్నాడు. కోపం లేదు ఆ మాటలో. అందుకే ఆమెకు మరింత కష్టంగా తోచింది.

మర్నాడే సెలవు పెట్టి కొండెక్కింది. తీగ విప్పడానికి ముందు మీట మీద చెయ్యి వేసి తీసింది, మళ్లీ వేసింది. ఆఖరుకు ఆర్పేసింది. సామాను దింపడానికి బాబాయి ధనుంజయ్‌నే పంపాడు. అతను ఇత్తడి డబ్బాలను బిడ్డల్ని ఎత్తుకున్నట్టు జాగ్రత్తగా మోశాడు. సగం దిగాక ఆగాడు.

"మా మాటలంత సెడ్డవేటమ్మా?"

"సెడ్డవి కావు నాయినా. ఇది మీ పనికి ఇచ్చిన దారి కాదు, అంతే."

అతను తలూపాడు. తృప్తి పడ్డాడో లేదో ఆమెకు తెలియలేదు.

రిపీటరు పలాసలో ఆమె ఇంటి డాబా ఎక్కింది. దాన్ని ఆన్ చెయ్యాలంటే ఆ చోటికి మళ్లీ అనుమతి కావాలి. అది వచ్చినా సుమ్మాదేవి దాటి వినిపించదని లెక్క వేసుకుంది. దరఖాస్తు రాయడానికి కూర్చుని, చోటు పేరు దగ్గర కలం ఆపేసి లేచిపోయింది.

వచ్చిన ఆదివారం టెక్కలి బస్సెక్కింది. ఊరు ఇంకా రాకుండానే కుడివైపు ఒక బోడికొండ కనబడితే, ఆపమని కండక్టరుతో చెప్పి దిగిపోయింది. ఎండలో ముళ్లపొదలు తప్పించుకుంటూ సగం ఎక్కాక చేతి రేడియో తీసి పిలిచింది. మధ్యలో ఏ రిపీటరూ లేకుండానే జగదీష్ గొంతు అందింది.

"అక్కా, ఎక్కడున్నావు?"

"ఇంకా తెల్దు. పైకెక్కుతున్నాను. మాట్లాడతా ఉండు."