నానబెట్టిన నీళ్లు

తెల్లవారగానే ఆ ఇంట్లో మొదట వినిపించేది కత్తి నూరుతున్న చప్పుడు. నూరేది కోడలు. అంతకుముందే నీళ్లు పట్టేది, పొయ్యి వెలిగించేది కూడా కోడలే, కాకపోతే ఆ పనులకు చప్పుడు తక్కువ.

మాంసాన్ని పీచు వెంట, ఆకులంత పల్చగా కోయాలి. అడ్డంగా కోస్తే ఎండాక చేతిలోనే పొడైపోతుంది. కొవ్వు ఎక్కడ కనిపించినా కత్తి మొనతో గీరి పక్క గిన్నెలో వేయాలి. కొవ్వున్న ముక్క ఎండదు. ఎండినట్టు నటిస్తుంది. సంచిలోకి వెళ్లి కూర్చున్నాక కవురు వాసన పట్టి, పక్కవాటినీ పాడుచేస్తుంది. కోసినవాటికి ఉప్పు పట్టించి, పెరట్లోని పొగగదిలో దండేల మీద వేలాడదీయాలి. వంచితే ఫెళ్లున విరగకూడదు, మెత్తగా ఒంగిపోనూకూడదు. మడత దగ్గర సన్నగా పగలాలి. అప్పుడు దింపి, దంచి, విడిగా కాచిన కొవ్వూ ఎండిన పుల్లటి పండ్లూ కలిపి తోలు సంచుల్లో కూరి కుట్టేయాలి. ఆ సంచి ఏళ్లు గడిచినా చెడదు. రెండుసార్లు కాల్చిన రొట్టెల సంగతి సరేసరి. వాటిని కొరకాలంటే పళ్లన్నా గట్టివై ఉండాలి, ఆకలన్నా గట్టిదై ఉండాలి.

ఇదంతా పెద్దబీడు దాటేవాళ్ల కోసం. ఊరు అయిపోయిన చోట అది మొదలవుతుంది. గడ్డి, రాయి, గాలి తప్ప ఇంకేమీ లేని ఆ నేల దాటడానికి నెలలు పడుతుంది. దాటించేవాడు కోడలి భర్త. అతన్ని అందరూ దిక్సూచి అంటారు. నేల కొలిచేవాళ్లనీ వ్యాపారుల్నీ వెంటబెట్టుకుని వెళ్లి, మళ్లీ వెనక్కి తెస్తాడు. తిరిగొచ్చిన రోజు వీధి వీధంతా బయటికొచ్చి అతను చూసిన తోడేళ్ల గురించీ దాటిన వాగుల గురించీ అడుగుతుంది. ఏం తిని దాటావని ఇంతవరకు ఎవరూ అడగలేదు.

పొగగదిలో చివరి దండేనికి, ఎండుచేపల వరసకు అవతల, నాయనమ్మ వేలాడుతూ ఉంటుంది. దిక్సూచికి నాయనమ్మ. అతని తాత కాలంలో ఎండబెట్టారు. మోకాళ్లు గడ్డానికి ఆనించి పల్చటి గుడ్డసంచిలో పెట్టారు. చంటిపిల్లంత బరువు కూడా ఉండదు. ఉప్పు చూడాల్సి వచ్చినప్పుడు అత్తగారు సంచి మూతి విప్పి, గోరువెచ్చటి నీళ్లలో ముంచిన గుడ్డ ఆవిడ నోటి మీద వేస్తుంది. కాసేపటికి పెదవులు నానుతాయి. నాలుక మీద ముక్క పెడితే "ఇంకో చిటికెడు" అనో, "చాలు" అనో అని మళ్లీ ఆరిపోతుంది. ఆ ఇంటి సరుకుకు అంత పేరు ఆ నాలుక వల్లే వచ్చింది.

పక్కింటి వేటగాడి భార్య కూడా ఒకసారి ఎండి, బీడులోకి వెళ్లొచ్చింది. ఇప్పుడు ఎవరు ఏమడిగినా "అలాగే" అంటుంది. ఆమె మంచితనం గురించి ఆ వీధి మగవాళ్లు తమ ఇళ్లల్లో తరచు చెబుతుంటారు.

ఆ ఏడు నేల కొలిచేవాళ్లు బీడు అవతలి అంచు దాకా వెళ్లాలన్నారు. అంత దూరం దిక్సూచి ఎప్పుడూ పోలేదు. భోజనం దగ్గర ఆ మాట చెప్పి, వడ్డిస్తున్న భార్య చెయ్యి పట్టుకున్నాడు. తల్లి ఎదురుగా చెయ్యి పట్టుకోవడం ఏమిటని ఆమె సిగ్గుపడబోయింది. అతను చూపుడువేలు తీసుకుని నెమ్మదిగా వెనక్కి వంచాడు.

"ఏమిటండీ?"

"ఏం లేదు." తల్లి వైపు తిరిగాడు. "ఇంకా మెత్తగానే ఉందమ్మా."

"ఉప్పు పెంచుతాలే," అంది అత్తగారు.

మర్నాటి నుంచి కోడలి కంచంలో నూనె చుక్క కనబడలేదు. కూరలో ఉప్పు మాత్రం నాలుక మండేంత. మంచినీళ్ల కుండ అత్తగారి గదిలోకి చేరింది. "నీళ్లు తాగీ తాగీ ఒళ్లు ఉబ్బుతోంది అమ్మాయ్," అంటూ అడిగినప్పుడల్లా అరగ్లాసు పోసేది. కోత పని అత్తగారు తీసుకుని, కోడల్ని పొగగదిలోకి పంపింది. కొన్నాళ్లకు పొగలో నిలబడినా కోడలికి కళ్లమ్మట నీళ్లు రావడం మానేశాయి. చెమట మానేసింది. నడుస్తుంటే చీర శబ్దమో ఒంటి శబ్దమో తెలియకుండా ఉండేది. ఓ సాయంత్రం దిక్సూచి వేలు వంచితే కణుపు దగ్గర సన్నగా టిక్కుమంది.

"వస్తోంది, దారికి వస్తోంది!" అన్నాడు. తన గురించి అతను అంత సంతోషపడగా ఆమె అంతకుముందు చూడలేదు.

అత్తగారు కొత్త గుడ్డసంచి కుట్టడం మొదలుపెట్టింది.

"ఎవరికత్తయ్యా?"

"నీకే. మోకాళ్లు ముడుచుకు కూర్చో, కొలత చూస్తా."

"నేను వెళ్లనత్తయ్యా."

"బాగుంది. మనిషిగా వెళితే నీ తిండి ఎవడు మోస్తాడు? ఇలాగైతే వాడి భుజాన బరువే ఉండదు. సాయంత్రం నానబెడతాడు, నాలుగు రొట్టెలు కాల్చి, చిరిగినవేవో కుట్టిపెడతావు. పొద్దున్నే ఎండలో కూర్చుంటే మళ్లీ ఆరిపోతావు. మొగుడి వీపు మీద కూర్చుని లోకం తిరగడం ఎంతమందికి దొరుకుతుందే?"

"మరి మీరెందుకు తిరగలేదు?"

సూది ఆగిపోయింది. అత్తగారు దారం పంటితో కొరికింది.

"నన్ను రెండుసార్లు వేలాడదీశారు. ఎండలేదు. అప్పుడు ఒళ్లు చేసి ఉండేదాన్ని. వాసన పడుతోందని దింపేశారు. 'ఒక పనికీ రానిదాన్ని తెచ్చి నా మెడకు కట్టారు' అన్నారు మీ మామగారు. పోయేదాకా అంటూనే ఉన్నారు. ఆయన ఇంట్లోకి వచ్చినప్పుడల్లా నేను గోడకు తగిలి నిలబడేదాన్ని, కనబడకుండా." మళ్లీ సూదిలో దారం ఎక్కిస్తూ, "నీకా అవమానం లేకుండా చూస్తున్నాను. సంతోషించు," అంది.

ఆ మధ్యాహ్నం కోడలు పొగగదిలో తన వాటా అరగ్లాసు నీళ్లు వెచ్చబెట్టి, గుడ్డ తడిపి నాయనమ్మ మొహం మీద కప్పింది. పెదవులతో పాటు ఈసారి కళ్లు కూడా నానాయి.

"ఉప్పు చూడాలా?" అంది నాయనమ్మ.

"వద్దండి. మీరు బీడంతా తిరిగారట కదా. ఏం చూశారో చెప్పండి."

"సంచి లోపలి కుట్టు చూశాను. అడ్డకుట్టు. బాగా కుట్టారు."

"అంతేనా?"

"నానబెట్టినప్పుడు పొయ్యి చూశాను."

కోడలు గుడ్డ మళ్లీ తడిపింది. ముసలావిడే చెప్పింది.

"నానినప్పుడల్లా కొంచెం నీళ్లలోకి పోతుందే పిల్లా. మాంసమైనా అంతేగా. ముందు పాటలు పోయాయి. నాకు చాలా వచ్చేవట. తర్వాత మా అమ్మ మొహం. మా ఊరికి ఏ వైపు వెళ్లాలో అది. అన్నిటికంటే చివర ఉప్పు మిగిలింది."

"ఆ నీళ్లు ఏం చేసేవారు?"

"పారబోస్తారా ఎక్కడన్నా? సారమంతా అందులోనేగా. మోసుకెళ్లినవాడే కాచుకుని తాగేవాడు." ఆవిడ పెదవులు అప్పుడే బిగుస్తున్నాయి. "వెళ్లేటప్పుడు మూగమొద్దులా ఉండేవాడు. వచ్చేసరికి ఎన్ని పాటలో. ఊరంతా వాడి గొంతే..."

ఇప్పటికీ వీధి పిల్లలు తాతగారి బీడు పాటలు పాడుకుంటారు. కోడలు కూడా దంచేటప్పుడు పాడేది. ఆ రోజు దంచుతూ నోరు మూసుకుంది.

సాయంత్రం కొవ్వు కాచే పని పడింది. పొయ్యి మీద కొవ్వు కరిగి, తేటబడి, బంగారు రంగుకు వచ్చింది. దాన్ని చూస్తూ ఆమెకు అత్తగారి మాటలు గుర్తొచ్చాయి. ఎండలేదు. ఒళ్లు చేసి ఉండేదాన్ని. ఇన్నేళ్లూ కత్తితో గీరి గీరి అవతల పెట్టింది దేన్ని? గరిటెడు తీసుకుని, ఊది, మింగింది. మొదటిది కక్కేసింది. రెండోది నిలిచింది. రోజూ కాచినప్పుడల్లా తాగింది. అడుగున మిగిలిన వేపుడు ముక్కలు కొంగులో కట్టుకుని నమిలింది. దొరికిపోతానేమోనన్న భయం లేకపోలేదు, కానీ కాచిన కొవ్వు కాస్త తగ్గుతుందని అందరికీ తెలుసు. ఎంత తగ్గాలో కాచేవాళ్లకే తెలుసు.

ప్రయాణం దగ్గరపడింది. వేలు ఏ రోజుకారోజు మెత్తబడుతుంటే దిక్సూచి మొహం ముడుచుకుపోయింది. "పొగ పెడితే అదే దారికొస్తుంది," అని ఓ పొద్దున్న ఆమెను పొగగదిలో కట్టి వేలాడదీశారు. పక్కన నాయనమ్మ, ఎదురుగా చేపలు. కింద పచ్చికట్టెల పొగ. మధ్యాహ్నానికి ఆమె ఒంటి నుంచి కొవ్వు బొట్టు బొట్టుగా కారి నిప్పుల్లో చుయ్యిమంది. మర్నాడూ అంతే. మూడో రోజుకు వాసన వాకిట్లోకి వచ్చింది.

దింపింది అత్తగారే. దింపుతూ కోడలి మొహంలోకి చూడలేదు.

"ఒక పనికీ రానిదాన్ని తెచ్చి నా మెడకు కట్టారు," అన్నాడు దిక్సూచి.

ఆ మాట కోడలికి తగలలేదు. ఒళ్లంతా పొగచూరి, నేల మీద పడి దగ్గుతూ, తను బతికిందని మాత్రం అనుకుంది. మాట తగిలింది అత్తగారికి. ఆవిడ వెళ్లి గోడకు తగిలి నిలబడింది. అక్కడి నుంచే అంది:

"నేనున్నానుగా నాయనా. ఇప్పుడు నా ఒంట్లో ఏముంది?"

దిక్సూచి తల్లి వేలు పట్టుకుని వంచాడు. చక్కగా, మడత దగ్గర సన్నగా పగిలింది.

"ఇన్నాళ్లూ చెప్పవేమిటమ్మా!" అన్నాడు.

కోడలు పాకుతున్నట్టుగా వెళ్లి ఆవిడ కాళ్లు పట్టుకుంది. "వద్దత్తయ్యా. నాయనమ్మగారు చెప్పారు. ఆ నీళ్లలోకి అన్నీ పోతాయట. ఆయన తాగేస్తారు. మీకేం మిగలదు."

"ఎవరు తాగుతారు? నా కొడుకేగా," అంది అత్తగారు. పెళ్లికి పిలిపించుకున్న మనిషిలా ఉంది ఆవిడ మొహం. "నా దగ్గర మాత్రం ఏముందే పాడైపోవడానికి?"

ఒక్క పూటలో ఎండిపోయింది. దిక్సూచి సంచి భుజానికి తగిలించుకుని, ఓసారి ఎగరేసి బరువు చూసుకుని, నవ్వుకుంటూ వెళ్లాడు. కోడలు గుమ్మంలో నిలబడింది. నిజం చెప్పి కొవ్వు గరిటె చూపించి ఉంటే ఆవిడ ఆగేదా? ఆగితే మళ్లీ ఎవరి వేలు వంచేవాడు? ఆ రెండు ప్రశ్నలూ ఆమెతోనే ఇంట్లోకి వచ్చాయి. వాటితోనే తిండి తింది, వాటితోనే పడుకుంది.

వానలొచ్చి వెళ్లాయి. చలి మొదలయ్యే రోజుల్లో నేల కొలిచేవాళ్లు తిరిగొచ్చారు. వీధి బయటికొచ్చింది. వాళ్లలో పెద్దాయన చిరాగ్గా ఉన్నాడు.

"సగం దూరం బాగానే తీసుకెళ్లాడమ్మా. తర్వాతేమైందో, రెండు దారులొస్తే చాలు, 'మీరెలా అంటే అలా' అని నిలబడిపోయేవాడు. మేం తినేదాకా తినడు. గట్టిగా మాట్లాడితే ఏ రాయి చాటుకో పోతాడు. పొద్దు చూసుకుంటూ మా అంతట మేమే వచ్చాం."

దిక్సూచి అందరికంటే వెనక, తలవంచుకుని, దారి అంచున నడిచి వచ్చాడు. తోడేళ్ల గురించి అడిగినవాళ్లకు జవాబు చెప్పకుండా పక్కసందులోంచి తిరిగి పెరటి గుమ్మంలో ఇంట్లోకి వచ్చాడు. సంచి తీసి జాగ్రత్తగా భార్య చేతికిచ్చాడు.

ఆమె పెద్ద తొట్టి నిండా వెచ్చటి నీళ్లు పోసి అత్తగారిని తల దాకా ముంచింది. పొద్దుగూకేదాకా నాని, ఆవిడ లేచి కూర్చుంది. నీళ్లు తేటగానే ఉన్నాయి. రంగు లేదు, వాసన లేదు. వాటిలోకి రావడానికి ఇంకేమీ మిగల్లేదు. ఆవిడ గోడలు చూసింది, దండేలు చూసింది, తన చేతులు తిప్పి చూసుకుంది.

"ఈ ఇల్లు ఎవరిదమ్మా?"

"మనదే."

"నువ్వెవరు?"

కోడలు పొడిగుడ్డతో ఆవిడ తల తుడిచింది. కోడల్ని అంటే అత్తంటే ఏమిటో చెప్పాలి. "మీతో ఉండేదాన్ని," అంది. ఆవిడ సరేనని, ఆకలేస్తోందంది. ఎవరూ తినకముందే, మొదటి రొట్టె, పైన కొవ్వు రాసుకుని హాయిగా తింది. తల్లి తింటుంటే దిక్సూచి పొయ్యి పక్కన గోడకు తగిలి నిలబడ్డాడు.

"మీరూ కూర్చోండి," అంది భార్య.

"మీవి కానివ్వండి. తర్వాత తింటాను." గొంతు తగ్గించి అన్నాడు, "నన్ను దింపేస్తారా?"

"ఎక్కడి నుంచి?"

అది అతనికీ తెలిసినట్టు లేదు. చేతులు మాత్రం కత్తి అందుకుని, పీట ముందు కూర్చుని, మాంసాన్ని పీచు వెంట కోయడం మొదలుపెట్టాయి. ఎన్నో ఏళ్లుగా కోస్తున్న చేతుల్లా, చూడకుండానే.

చలి ముదరకముందే కొత్త ప్రయాణాలు కుదురుతాయి. ఓ ఉదయం కోడలు పెరట్లో ఉండగా వీధి తలుపు చప్పుడైంది. ఏటా బీడు దాటే ఉన్ని వ్యాపారి వచ్చాడు. దిక్సూచి లేచి, తలుపు ఓ రెక్క కొద్దిగా తీసి, రెండో రెక్క చాటున నిలబడ్డాడు.

"దారి మాట్లాడుకుందామని వచ్చాను," అన్నాడు వ్యాపారి.

"మగవాళ్లు ఇంట్లో లేరండీ. తర్వాత రండి," అన్నాడు దిక్సూచి.

వ్యాపారి అతన్ని చిన్నప్పటి నుంచీ ఎరిగినవాడే.

"సరేనమ్మా," అని మెట్లు దిగి వెళ్లిపోయాడు.